బుజ్జమ్మ మట్టి సొమ్ము

సత్యకుమారి నోరు మంచిదంటే వాళ్ళ వీధిలో ఒక్కరూ ఒప్పుకోరు. మనసు మంచిదంటే మాత్రం కాదనేవాళ్ళు లేరు. నలభై ఏడేళ్ళ మనిషి. తెల్లారకముందే రేవుకి వెళ్ళి వేలంలో చేపలు పాడుకుంటుంది, పది గంటలకల్లా బజారులో అమ్ముకుని ఇంటికి వచ్చేస్తుంది. తూకంలో మొగ్గు ఎప్పుడూ కొనేవాళ్ళ వైపే. కానీ ఎవరైనా మొప్ప ఎత్తి చూసి "నిన్నటివా ఏంటి?" అన్నారో, వాళ్ళ ఏడు తరాలనీ కడిగి ఆరేస్తుంది. అలాంటి సత్యకుమారి ఆ మార్చి నెలాఖరులో పదకొండు రోజులు నోరెత్తలేదు. ఆమె అత్త బుజ్జమ్మ చనిపోయింది.

పెద్ద వయసులోనే పోయింది లెండి, డెబ్బై ఆరేళ్ళు. ఇరవయ్యో తారీఖు పొద్దున్న ఆయాసం అంటే సర్కారు ఆసుపత్రిలో చేర్చారు, సాయంత్రానికి అంతా అయిపోయింది. వాళ్ళది గోదావరి పాయ ఒడ్డున చిన్న ఊరు, పేరుకి మున్సిపాలిటీ. వేట మీద బతికేవాళ్ళ వీధిలో రెండు గదుల డాబా. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా అత్తాకోడళ్ళు ఇద్దరే. బుజ్జమ్మ కొడుకు, అంటే సత్యకుమారి భర్త వీరబాబు, కామెర్లతో పోయిన దగ్గర్నుంచీ అంతే. పిల్లలు లేరు. పుట్టింటికి వెళ్ళిపొమ్మని అప్పట్లో అందరూ చెప్పారు. సత్యకుమారి వెళ్ళలేదు, బుజ్జమ్మ పొమ్మనలేదు. రోజుకి ఒక పూటైనా పోట్లాడుకునేవారు. పులుసులో చింతపండు ఎక్కువేశావని ఒకరంటే, నీ నాలుకే చెడిందని ఇంకొకరు. ఆ పోట్లాట లేని రోజు ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

అత్త పోయిన మూడో రోజున మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి తలుపుకి కాయితం అంటించి వెళ్ళారు. పద్నాలుగేళ్ళ ఇంటి పన్ను బకాయి. అసలు ముప్పై నాలుగు వేల నూట అరవై రూపాయలు, వడ్డీ అంతకన్నా ఎక్కువ. మార్చి ముప్పయ్యొకటి లోపల అసలు ఒకేసారి కట్టేస్తే వడ్డీ మాఫీ అట, కట్టకపోతే ఇల్లు జప్తు అట. బుజ్జమ్మ పెద్దకార్యం ముప్పయ్యో తారీఖున. ఆసుపత్రికీ దహనానికీ పోగా సత్యకుమారి చేతిలో మిగిలింది నాలుగు వేలు. ఆ ఇల్లు పోతే ఆమెకి తల దాచుకోవడానికి ఇంకో చూరు లేదు.

పద్నాలుగేళ్ళు పన్ను కట్టకుండా ఏం చేసిందండీ ఆ ముసలావిడ అని మీరు అడుగుతారు. ఎగ్గొట్టే రకం కాదు బుజ్జమ్మ. ఒకరి రూపాయి ఒక రాత్రి తన దగ్గరుంటే నిద్రపోయేది కాదు. అసలు జరిగిందేంటంటే, ఆ స్థలం దగ్గర్నుంచి చెప్పుకురావాలి.

ప్రభుత్వం వాళ్ళు పట్టా ఇచ్చిన నాడు అది స్థలం కాదు, గొయ్యి. వానాకాలం వస్తే మోకాలి లోతు నీళ్ళు. మన డెల్టాలో ఇల్లు కట్టుకోవాలంటే ముందు మట్టి తోలించి మెరక చేసుకోవాలి, ఆ తరవాతే పునాది మాట. బళ్ళతో మట్టి తోలించే స్తోమత బుజ్జమ్మకి లేదు. మొగుడా, తాగుబోతు. ఎండాకాలంలో కాలువలు కట్టేసి పూడిక తీస్తుంటారు కదా, గట్టు మీద పోసిన ఆ మట్టిని చేపల తట్టతో మోసింది మహాతల్లి. పొద్దున్న చేపలు, మధ్యాహ్నం నుంచీ మట్టి. అదే తట్ట, అదే నెత్తి. పన్నెండేళ్ళ కూతురు రాణి చిన్న బుట్టతో వెనకాలే నడిచేది. రెండు ఎండాకాలాలు పట్టింది గొయ్యి పూడడానికి. అప్పటినుంచీ బుజ్జమ్మ దాన్ని స్థలం అనలేదు, తాటాకిల్లు వేశాకా అనలేదు, డాబా వేశాకా అనలేదు. ఎప్పుడూ "నా మట్టి" అనే అనేది.

డాబా పడింది పద్నాలుగేళ్ళ కిందట. అప్పుడే మున్సిపాలిటీ వాళ్ళు కొత్తగా కొలతలు తీసి పన్ను వేశారు. ఆ వేసిన మహానుభావుడెవరో గానీ, కొల్లాటి బుజ్జమ్మ కాస్తా కాయితంలో "కొల్లాటి బుజ్జయ్య, పురుషుడు" అయి కూర్చుంది. బుజ్జమ్మకి చదువు రాదు. ఎవరిచేతో చదివించుకుని గుండె గుభేలుమని ఆఫీసుకి పరుగెత్తింది.

"పేరు మార్చాలంటే యజమాని సంతకం ఉండాలమ్మా. బుజ్జయ్య గారిని తీసుకురా" అన్నాడు అక్కడున్న ఉద్యోగి.

"బుజ్జయ్య ఎవడండీ బాబూ? అలాంటి మొగోడు మా వంశంలోనే లేడండి."

"ఇల్లు ఆయన పేరు మీదే ఉంది కదా. ఆయనొస్తే గానీ అవదు."

నాలుగుసార్లు తిరిగింది. నాలుగుసార్లూ బుజ్జయ్య గారినే తీసుకురమ్మన్నారు. ఐదోసారి ఇక వెళ్ళలేదు. "రసీదు ఎవడిదో ఇల్లు వాడిది. ఆ బుజ్జయ్య పేరు మీద నేను పన్ను కట్టానంటే రేపు ఇల్లు వాడిదైపోద్ది. లేని మొగోడికి నా మట్టి రాసిచ్చేత్తానా?" అని భీష్మించుకుంది. వీరబాబు తానే వెళ్ళి కట్టేస్తానన్నందుకు వారం రోజులు కన్నకొడుక్కి అన్నం పెట్టలేదు. ఒకసారి కుళాయి కనెక్షను కోసేస్తే వీధి చివరి బోరింగు నుంచి మోసుకుంది గానీ పన్ను కట్టలేదు. తిక్క మనిషని వీధి వీధంతా నవ్వుకుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సత్యకుమారి కూడా నవ్వుకుంది.

అయితే బుజ్జమ్మ దాచుకున్న డబ్బు కొంత ఉందని సత్యకుమారికి తెలుసు. ఎంతో తెలీదు. బ్యాంకులో కాదు, పాలకొల్లులో గున్నేశ్వరరావు అనే షావుకారు దగ్గర. గుడి వెనక వీధిలో ఉప్పు, వలదారం, తాళ్ళు అమ్మే కొట్టు ఆయనది. ఎండుచేపలకి ఉప్పు ఆయన తండ్రి నాటి నుంచీ అక్కడే కొనడం వాళ్ళకి వాడుక. బ్యాంకువాళ్ళు వేలిముద్ర పడలేదంటారు, మెషిను పనిచెయ్యలేదంటారు. గున్నేశ్వరరావు ఏనాడూ అలా అనలేదు. అందుకని బుజ్జమ్మకి ఆయనంటే గురి. ఆ డబ్బు దేనికే అంటే "నా మట్టికి" అనేది, అంతే.

మట్టికి అంటే మన వైపు ఎవరికైనా ఒకటే అర్థం. పోయాక అయ్యే ఖర్చులు. తమ కార్యం ఒకరి నెత్తిన పడకూడదని ముసలివాళ్ళు పైసా పైసా కూడబెట్టుకుంటారు. పోయినవాళ్ళ సొమ్ము పోయినవాళ్ళకే పెట్టాలి, ఇంకోదానికి వాడితే కీడని కూడా అంటారు.

ఐదో రోజున సత్యకుమారి పాలకొల్లు బస్సెక్కింది. మైలలో గడప దాటకూడదని పక్కింటి అప్పాయమ్మ అననే అంది, కానీ గడప ఉంటే కదా దాటడమూ మానడమూ. కొట్టు మెట్టెక్కకుండా కిందే నిలబడి సంగతంతా చెప్పింది.

గున్నేశ్వరరావుకి అరవై దాటాయి. నుదుటిన విభూతి, మాట మెత్తన. బుజ్జమ్మ పోయిందని వినగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంతా విన్నాక మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మీ అత్తగారు డబ్బిచ్చిన ప్రతిసారీ ఒకటే మాటనేదమ్మా. 'నా మట్టికండి, ఇంకోదానికి ఇవ్వకండి' అని. బియ్యం, పప్పులు, వంటవాళ్ళు, బ్రాహ్మడు, ఎంతయినా బిల్లులు నాకు పంపు. ఉన్నదంతా ఇస్తాను. పన్నుకి మాత్రం ఇవ్వలేను."

"ఇల్లు పోద్దండీ షావుకారు గారూ."

"ఇంటికి ఇంకో దారి చూసుకోవచ్చు. పోయిన మనిషి కార్యం మళ్ళీ చెయ్యలేం కదా. ఆవిడ మాట దాటితే నాకు పుట్టగతులుండవమ్మా. ఏమీ అనుకోకు."

మా అత్త మట్టంటే ఇల్లేనండీ అన్న మాట సత్యకుమారి నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. నిజంగా అత్త అదే అనుకుని ఇచ్చిందా? లేకపోతే తన అవసరం కొద్దీ తను అలా తిప్పుకుంటోందా? చచ్చినావిడ లేచి వచ్చి చెప్పదు కదా. బజారులో పావలా కోసం పది మాటలు అనగలిగిన మనిషి, ఆ ఒక్క మాట అనలేక దండం పెట్టి వెనక్కి తిరిగింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇల్లు పోతుందనే ఏడుపు సగమైతే, అత్త మీద కోపం సగం. ఏమే ముసలీ, ఇంకాస్త విడమరిచి చెప్పి చావలేకపోయావా అని ఆ కోపం.

ఇంటికి వచ్చేసరికి పిఠాపురం నుంచి ఆడపడుచు రాణి దిగి ఉంది. వీరబాబుకి అక్క, పాతికేళ్ళుగా అక్కడే కాపురం. ఆమెతోపాటు కులపెద్ద చిట్టియ్య మంచం మీద కూర్చుని పెద్దకార్యం వంటలు వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు.

"నాలుగు వందల మందికి తగ్గకూడదు. బూరెలు, పులిహోర, రెండు కూరలు. బుజ్జమ్మంటే మాటలా?"

"మాయమ్మ మట్టి సొమ్ము ఉందిగా బాబాయ్, దానికేంటి లోటు" అంది రాణి.

చిట్టియ్య వెళ్ళాక, రాణి కాళ్ళు కడుక్కుని పెరటి గట్టు మీద కూర్చుంటే సత్యకుమారి పక్కన వచ్చి కూర్చుంది. తలుపు మీద కాయితం సంగతీ షావుకారు సంగతీ దాచకుండా చెప్పింది. రాణి ముఖం మాడిపోయింది.

"అంటే ఏంటే సత్యా, సచ్చిపోయిన మాయమ్మ సొమ్ముతో నీకు పన్ను కట్టాలా? నలుగురు ఏమంటారు? నోట్లో గడ్డి పెట్టరూ?"

"నేనేం అడగట్లేదు వదినా. ఒక్క మాట చెప్పు చాలు. కార్యానికే అని నువ్వంటే కార్యమే చేసేద్దాం, నా మీదొట్టు. మీయమ్మ 'నా మట్టి' అందంటే దేన్ని అన్నట్టు?"

రాణి ఏదో అనబోయి ఆగింది. కుడిచెయ్యి మెడ వెనక్కి పోయింది. చిన్నప్పుడు బుట్ట మోసిన మెడ అది.

"ఒకసారి దారిలో జారి పడ్డానే. బుట్టెడు మట్టీ కాలవలో పోయింది. కొట్టుద్దనుకున్నాను. కొట్టలేదు. కూలబడి ఏడ్చేసింది. ఒక్క బుట్టకి అంత ఏడుపేంటే అమ్మా అంటే, 'అది నా మట్టే' అంది." కళ్ళు తుడుచుకుంది. "నాకూ ఇంటికే అనిపిత్తాంది. కానీ అనిపిత్తే చాలదే. రేపు ఇద్దరం ఎల్దాం పద."

మర్నాడు ఇద్దరూ కొట్టు మెట్ల కింద నిలబడ్డారు. రాణి చదువుకోలేదు గానీ బుర్ర పాదరసం. డబ్బు ఇమ్మని అడగనే లేదు.

"మాయమ్మ ఈ డబ్బు ఎప్పుడెప్పుడు తెచ్చి ఇచ్చేదండీ?"

"ఏడాదికి రెండుసార్లమ్మా. ఉగాది దాటాక ఓసారి, దసరా దాటాక ఓసారి" అంటూ గున్నేశ్వరరావు పాత పుస్తకం తీశాడు. "ఎప్పుడూ తప్పలేదు. మీ తమ్ముడు పోయిన ఏడాది కూడా తెచ్చింది."

"ఎంతిచ్చేదండీ?"

"ఎప్పుడూ ఒకే మొత్తం. పన్నెండు వందల ఇరవై. ఏదో కాయితం పట్టుకొచ్చి నాచేత చదివించుకునేది. ఎంతని అడిగేది. ఇంతని చెప్తే కొంగు ముడి విప్పి అంతే లెక్కపెట్టి..."

ఆయన చూపు సత్యకుమారి చేతిలో, తలుపు మీంచి ఊడదీసి మడత పెట్టి తెచ్చిన కాయితం మీద పడింది. చెయ్యి చాపాడు. ఆమె అందించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని కాయితం చూశాడు, పుస్తకంలో గీతలు ఒక్కొక్కటే వేలితో కిందికి దించుకుంటూ కూడాడు. ఇరవై ఎనిమిది గీతలు. ముప్పై నాలుగు వేల నూట అరవై. రూపాయి అటూ లేదు, ఇటూ లేదు.

"శివశివా" అన్నాడు గున్నేశ్వరరావు. "పన్ను కాయితాలమ్మా అవి. పద్నాలుగేళ్ళు నేనే చదివి పెట్టాను. చదివింది నేను, రాసింది నేను. మట్టికి అందని చావు ఖర్చులే అనుకున్నాను గానీ, ఎందుకు ఒకే లెక్క తెస్తోందో ఒక్కనాడైనా అడగలేదు. ఇంత బతుకూ బతికి నాకా మాత్రం బుర్ర లేకపోయింది."

అంతవరకూ వీధి వీధంతా నవ్వుకున్న తిక్క మనిషి, ఏ ఒక్క ఆర్నెల్ల పన్నూ ఎగ్గొట్టలేదన్నమాట. అంతా పక్కన పెట్టింది. బుజ్జయ్య పేరు పోయిన రోజున కట్టేద్దామని ఎదురు చూసింది. సత్యకుమారికి ఆ క్షణాన అత్తని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది, గర్వంగానూ ఉంది. రాణి అయితే అక్కడే మెట్టు కింద కూలబడి "అమ్మా, అమ్మా" అని గుండెలు బాదుకుంది. మైల మనుషుల్ని ముట్టుకోని గున్నేశ్వరరావు మెట్లు దిగి వచ్చి డబ్బు సత్యకుమారి అరచేతిలో పెట్టాడు. ఇంటికెళ్ళి తలారా స్నానం చేసి ఉంటాడు, అది వేరే సంగతి.

పెద్దకార్యం ముప్పయ్యో తారీఖున అరవై మందితో అయిపోయింది. సత్యకుమారి నాలుగు వేలు, రాణి మూడు వేలు. పప్పు, వంకాయ కూర, చారు, పెరుగు. చిట్టియ్య విస్తరి ముందు కూర్చుని, "బుజ్జమ్మ కార్యానికి బూరె లేదా!" అని నిట్టూర్చాడు. వింటున్న రాణి ఊరుకోలేదు. "మాయమ్మ సొమ్ము మాయమ్మ చెప్పినదానికే పోతాంది బాబాయ్. పప్పు ఇంకొంచెం వెయ్యమంటావా?" అంది. చిట్టియ్య వేయించుకున్నాడు.

మర్నాడు వదినా మరదళ్ళు వార్డు సచివాలయానికి వెళ్ళారు. ఆఖరి రోజు కదా, వరుస వీధిలోకి వచ్చేసింది. వరుసలో నిలబడ్డంతసేపూ సత్యకుమారికి ఒకటే దిగులు. డబ్బు తెచ్చింది సరే, ఆ బుజ్జయ్య సంగతేంటి? ఆ పేరు మీదే కట్టమంటే అత్త పద్నాలుగేళ్ళ పంతం ఏమైనట్టు? ఇంకో దిగులు కూడా ఉంది, అది పైకి అనలేదు. ఇల్లు తన పేరు మీదికి మారాలంటే రాణి సంతకం పెట్టాలి. ఆ మట్టి రాణి కూడా మోసింది.

రాణి ముందు చూస్తూనే అంది: "నీ మనసులో ఏముందో నాకు తెల్సు. సంతకం పెడతాను. నాకు వాటా వద్దు, పుట్టిల్లు కావాలి. ఏడాదికోసారి వత్తాను, నాలుగు రోజులుంటాను, పులస పులుసు పెట్టాలి. ఎప్పుడైనా అమ్మావంటే మాత్రం వచ్చి నీ పీక పిసికేత్తాను."

"ఆయ్. పులసేంటి వదినా, గోదారి మొత్తం వండి పెడతాను" అంది సత్యకుమారి.

కిటికీ లోపల అశ్విని అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. పాతికేళ్ళు ఉండవు. కాయితాలన్నీ తీసుకుంది, ఆసుపత్రి రికార్డుని బట్టి వచ్చిన మరణ ధ్రువపత్రం చూసింది, తెర చూసింది.

"ఇక్కడ బుజ్జయ్య అని పడింది ఆంటీ. చనిపోయింది బుజ్జమ్మ గారు కదా. ఉండండి, కరెక్ట్ చేసేస్తాను."

టకటకా ఏవో నొక్కింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"అయిపోయిందండి. బుజ్జమ్మ, స్త్రీ. ఇప్పుడు బకాయి కట్టేయండి."

సత్యకుమారి డబ్బు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అదేంటమ్మా? మాయత్త నాలుగుసార్లు కాళ్ళరిగేలా తిరిగింది. అప్పుడెందుకు అవలేదు?"

"అప్పుడు నేను లేనండి. ఓనరు బతికుంటే ఓనరే వచ్చి సంతకం పెట్టాలండి. చనిపోతే అక్కర్లేదు, చావు కాయితం చాలు."

"అంటే మాయత్త చస్తే గానీ ఆ బుజ్జయ్య చావలేదన్నమాట!"

వరుసలో వెనకున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. అశ్విని నవ్వలేదు, తలొంచుకుని డబ్బు లెక్కపెట్టుకుని రసీదు తీసి ఇచ్చింది. కొల్లాటి బుజ్జమ్మ, స్త్రీ, ముప్పై నాలుగు వేల నూట అరవై రూపాయలు. బుజ్జమ్మ జన్మలో ఇంటి పన్నుకి అదే మొదటి రసీదు, ఆఖరిదీ అదే. అది చూసుకోవడానికి ఆమె లేదు. సత్యకుమారికి ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు. రాణి ఆ కాయితాన్ని చదవలేకపోయినా తీసుకుని రెండు చేతులా కళ్ళకద్దుకుంది. తరవాత సంతకం పెట్టాల్సిన చోట వంకరటింకరగా తన పేరు రాసింది.

"ఇంక కొత్త ఓనరు పేరు చెప్పండి ఆంటీ" అంది అశ్విని.

"కొల్లాటి సత్యకుమారి."

అశ్విని కొట్టడం మొదలుపెట్టింది. సత్యకుమారి కొంగుతో ముఖం తుడుచుకుని కిటికీ చువ్వలు పట్టుకుంది. "ఆ తెర ఇటు తిప్పమ్మా" అంది.

"తొందరగా కానివ్వండమ్మా, మాకూ పనులున్నాయి" అన్నారు వెనక నుంచి ఎవరో.

"మీ పనులకేం తొందరొచ్చింది? పద్నాలుగేళ్ళు నిలబడ్డాం మేం!" అని వెనక్కి తిరిగి ఒక్క అరుపు అరిచింది సత్యకుమారి. పదకొండు రోజుల తరవాత మళ్ళీ ఆ నోరు లేచింది. వరుసంతా చప్పున ఊరుకుంది. అశ్విని తెర తిప్పింది. సత్యకుమారి మూడో తరగతి చదువుతో ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది.

"పేరు బానే ఉంది. దాని పక్కన గడి ఖాళీగా ఉందేంటి? స్త్రీ అని రాయి తల్లీ. ముందు అది రాయి."

అశ్విని రాసింది. సత్యకుమారి అది కూడా చదువుకుని అప్పుడు చువ్వలు వదిలింది.